రెండో తూటా

మా పెదనాన్న బ్యాంకులో తుపాకీ పట్టుకుని ఇరవై రెండేళ్లు నిలబడ్డాడు. అన్నేళ్లలో ఆ తుపాకీ పేలింది ఒక్కసారే. అదైనా దొంగల మీద కాదు, బ్యాంకు కప్పు మీద.

మనిషి ఆరడుగులకు ఒక్క అంగుళం తక్కువ. ఆ లోటు మీసంతో పూడ్చుకున్నాడని మా అమ్మ అనేది. మేము కింది వాటాలో ఉండేవాళ్లం, వాళ్లు పై వాటాలో. పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మెట్లు దిగుతుంటే బూట్ల చప్పుడుకి మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. వీధిలో పులి. మళ్లీ సాయంత్రం అవే మెట్లెక్కేటప్పుడు పెద్దమ్మ నిద్రపోతోందేమోనని బూట్లు చేత్తో పట్టుకుని ఎక్కేవాడు. పెద్దమ్మ ఆయన భుజం దాకా కూడా రాదు. కానీ ఆమె "ఏమండీ" అని ఒక్క మాట అంటే చాలు, ఆ మీసం రెండు కొసలూ కిందికి వాలిపోయేవి.

ఆయన చేతిలోది రెండు గొట్టాల తుపాకీ. మధ్యలో విరిస్తే నోరు తెరుస్తుంది, వెనక నుంచి రెండు తూటాలు పెట్టి మూసెయ్యాలి. రెండు గొట్టాలకీ రెండు ట్రిగ్గర్లు. బ్యాంకు మూసేవేళకి తూటాలు తీసేసి, తుపాకీని వెనక గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. ఇంతవరకూ బ్యాంకు వాళ్లు చెప్పిన పని. దానికి పెదనాన్న తన సొంత తెలివి ఒకటి కలిపాడు. తూటాలు తీశాక తుపాకీ మూసి, దాన్ని ఎటో ఒక వైపు తిప్పి, రెండు ట్రిగ్గర్లూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కేవాడు. టిక్. టిక్.

ఎందుకలా అని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండేది.

"తుపాకీ తెరిచి మూస్తే లోపల స్ప్రింగులు బిగుసుకుంటాయి. రోజంతా నిలబడితే నాకే కాళ్లు పీకుతున్నాయి, వాటికి పీకవా? అందుకే వదులు చేసి పడుకోబెడతాను."

అలా పదకొండేళ్లు పడుకోబెట్టాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆయన కొంప ముంచింది.

తుపాకీ పేలడానికి ముందురోజు పెద్దమ్మ గదికి సున్నం వేయించాలని పట్టుబట్టింది. మనిషిని పిలవడం దేనికని పెదనాన్న తనే బల్ల మీదకెక్కి, తల పైకెత్తి, సాయంత్రం దాకా పైకప్పుకి సున్నం కొట్టాడు. తెల్లారేసరికి మెడ పట్టేసింది. తల కుడివైపు తిప్పాలంటే మనిషంతా తిరగాల్సిందే. ఆ మెడతోనే డ్యూటీకి వెళ్లాడు. బ్యాంకులో అందరూ ఆయన్ని చూసి, ఇవాళ ఈయనకి ఇంత పొగరు దేనికా అనుకున్నారట.

మూసేవేళయింది. బయటి తలుపు వేసేశారు గానీ లోపల ఇంకా ఐదారుగురు వరుసలో ఉన్నారు. పెదనాన్న వెనక గదిలోకెళ్లి తుపాకీ విరిచాడు. కుడి గొట్టంలో తూటా తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎడమ గొట్టం మీద చెయ్యి వెయ్యబోతుంటే మేనేజరు కేక.

"ఏమయ్యా, తలుపు దగ్గర ఎవరో బాదుతున్నారు, చూడు!"

పెదనాన్న తుపాకీ టక్కున మూసి వెళ్లాడు. వచ్చినాయన గొడుగు మరిచిపోయాడు. గొడుగు వెతికించి, చేతికిచ్చి, సాగనంపి మళ్లీ వెనక గదికి వచ్చాడు. జేబు తడుముకున్నాడు. తూటా గట్టిగా తగిలింది. 'తీసేశాను' అనుకున్నాడు. ఆయన ఎన్నిసార్లు ఈ కథ చెప్పినా ఇక్కడ ఒక్క క్షణం ఆగేవాడు. "జేబులో ఉన్నది ఒకటా రెండా అని చూడలేదమ్మా. చెయ్యి చెప్పింది, బుర్ర నమ్మింది."

రోజూ అయితే కుర్చీలో కూర్చుని కుడి పక్కన ఉన్న తెర వైపు తిప్పి నొక్కేవాడు. ఆ రోజు మెడ తిరగలేదు. వెనక్కి వాలి, తుపాకీ పైకి లేపి మొదటి ట్రిగ్గర్ నొక్కాడు. టిక్.

రెండోది నొక్కాడు.

ఢాం!

ఆ గదికీ బయట హాలుకీ కలిపి పైన తేలికపాటి పలకలతో ఒకటే సీలింగు వేశారు. తూటాలోని సీసపు గుళ్లు పలకల్ని తూట్లు పొడిచాయి. ఒక పలక ఊడితే దాన్ని పట్టుకున్న పక్కది ఊడింది, అలా వరసగా హాలు దాకా ఊడుతూ పోయాయి. పలకల వెంట ఏళ్లనాటి దుమ్ము దిగింది. దుమ్ము వెంట రెండు పావురాలు దిగాయి. పైన కాపురం పెట్టి ఎన్నాళ్లయిందో వాటికే తెలియాలి. అవి హాలంతా టపటపా కొట్టుకుంటూ తిరగడం మొదలుపెట్టాయి.

జనం మాత్రం ఒక్కటే అనుకున్నారు, దొంగలు పడ్డారని.

ఆ సమయంలో వెనక గది తలుపు తోసుకుని మా పెదనాన్న బయటికి వచ్చాడు. నెత్తిమీద నుంచి బూట్ల దాకా తెల్లటి పొడి. మీసం ఎక్కడుందో మొహం ఎక్కడుందో తెలియట్లేదు. చేతిలో తుపాకీ, గొట్టంలోంచి పొగ. చెవులు గింగురుమంటున్నాయి, తన గొంతు తనకే వినపడట్లేదు. ఇంకా పలకలు ఊడుతున్నాయి, ఎవరి నెత్తిన పడతాయోనని కంగారుపడి, గొంతు చించుకుని అరిచాడు.

"ఎవరూ కదలొద్దు!"

ఎవరూ కదల్లేదు. చేతులు మాత్రం అన్నీ ఒకేసారి పైకి లేచాయి. వరుసలో మొదట నిలబడ్డ ముసలమ్మగారు రెండు బంగారు గాజులూ తీసి ఆయన చేతిలో కుక్కింది. "తీసుకో నాయనా, నన్ను చంపకు. మోకాళ్ల నొప్పులు, కింద పడుకోమని మాత్రం అనకు" అందట. పెదనాన్నకి వినపడితే కదా! ఏదో పట్టుకోమంటోందనుకుని పట్టుకున్నాడు. ఈలోగా మేనేజరు బల్లకిందనుంచి పాక్కుంటూ వచ్చి, కళ్లు గట్టిగా మూసుకుని, ఖజానా గది తాళాలగుత్తి రెండు చేతులతో అందించాడు. పెదనాన్న అదీ తీసుకున్నాడు. మేనేజరు ఏదిచ్చినా తీసుకోవడం ఆయనకి అలవాటు.

క్యాషియరు అప్పటికే అలారం నొక్కేసింది. పోలీసులు రానే వచ్చారు. తలుపు తోసి చూస్తే దుమ్ములో ఒక ఆరడుగుల మనిషి. ఒక చేతిలో తుపాకీ, రెండో చేతిలో తాళాలు, వాటితోపాటు గాజులు, భుజం మీద పావురం. ఇంకేం కావాలి? నలుగురూ మీద పడి బోర్లా పడుకోబెట్టారు.

"నేను కాపలావాణ్ణి!" అని పెదనాన్న నేలకి చెప్పాడు.

"ఔను, కనబడుతూనే ఉంది" అన్నాడట మీద కూర్చున్న పోలీసు.

అప్పుడు వెనక గదిలోంచి, తెర అవతల నుంచి ఆయమ్మ వచ్చింది. బ్యాంకులో టీ కాచి, కప్పులు కడిగే మనిషి. ఒంటి నిండా సబ్బు నురగ, చేతిలో పిడి ఊడిన కప్పు. ఆమె హాలంతా ఒకసారి చూసి, "మేనేజరు గారూ, ఇది నేను పగలగొట్టింది కాదు" అంది. ఎవరికీ దెబ్బ తగల్లేదని అందరికీ అప్పుడు తెలిసింది. నేల మీదున్నది బ్యాంకు కాపలాయనేనని ఆమె చెప్పాకే పోలీసులు లేచారు. ముసలమ్మగారు తన గాజులు తను తీసుకుని, ఇంకెప్పుడూ ఆ బ్యాంకుకి రానని చెప్పి, మర్నాడు మళ్లీ వచ్చింది.

వీధిలో సంగతి పాకడానికి ఎంతసేపు? పెదనాన్న ఇంటికి చేరేసరికే ఆయనకి పేరు పెట్టేశారు, ఢాం గారు. కూరగాయలవాడు కూడా "ఢాం గారికి లేత బెండకాయలు" అనేవాడు. పెద్దమ్మ మూడు రోజులు ఏమీ అనలేదు. ఆ మూడు రోజులూ పెదనాన్న మా కింది వాటాలోనే ఎక్కువసేపు కూర్చున్నాడు.

నాలుగో రోజు సాయంత్రం మేనేజరు పళ్లు పట్టుకుని వచ్చాడు. పైనుంచి విచారణాధికారి వస్తున్నాడట.

"చూడవయ్యా, తుపాకీ పాతది. లోపల స్ప్రింగు జారి దానంతటదే పేలింది అని రాద్దాం. తుపాకులు బాగుచేసే మేస్త్రీ దగ్గర ఒక కాగితం తెస్తే చాలు. నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు."

"మీకెందుకండీ ఇంత శ్రమ?" అంది పెద్దమ్మ.

మేనేజరు గొంతు తగ్గించాడు. "ఆ తాళాల సంగతి... అది కూడా దానంతటదే అయినట్టు పోనిద్దాం."

పెదనాన్నకి ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు తుపాకీ కాగితాలతో సహా బ్యాంకు జీపులో మేస్త్రీ దగ్గరికి బయల్దేరింది. పెదనాన్నతో పాటు పెద్దమ్మా ఎక్కింది. "ఈయన్ని ఒక్కణ్ణీ తుపాకీతో పంపేది లేదు" అంది డ్రైవరుతో.

మేస్త్రీ అంటే మగమనిషి అనుకున్నారు. తీరా చూస్తే డెబ్బైకి దగ్గరపడ్డ ఒకావిడ. తండ్రి దగ్గర పని నేర్చుకుని, ఆయన పోయాక కొట్టు తనే నడుపుతోంది. ఊరంతా మేస్త్రమ్మ అంటారు. ఇరుకు కొట్టు, నూనె వాసన, గోడకి వరసగా ఆకురాళ్లు, బల్ల పక్కన నిండా ఇసక పోసిన డ్రమ్ము. ఆవిడ తుపాకీని చేతిలోకి తీసుకుంటూనే గొట్టాలు ఇసక వైపు తిప్పి విరిచింది. రెండు గొట్టాల్లోకీ చూసింది. చూసి ఊరుకోక, చిటికెన వేలు ఒక్కోదాన్లో దూర్చి మరీ చూసింది.

"ఖాళీయేనమ్మా, పోలీసులే తీశారు" అన్నాడు పెదనాన్న.

"పోలీసులు చూస్తే పోలీసులకి ఖాళీ. నేను చూస్తే నాకు ఖాళీ" అందావిడ.

తర్వాత మందులేని ఉత్త ఇత్తడి తూటాలు వేసి, మూసి, రబ్బరు సుత్తితో అన్ని వైపులా తట్టింది. తుపాకీ కర్ర మడమని నేలకేసి కొట్టింది. కుదిపింది, వంచింది. తుపాకీ కిక్కురుమనలేదు. విప్పి, భూతద్దం కంటికి పెట్టుకుని లోపలంతా చూసి, మళ్లీ బిగించింది.

"దీనికి ఏ జబ్బూ లేదు నాయనా. నా మోకాళ్లకన్నా నయంగా ఉంది."

"స్ప్రింగు జారలేదా అమ్మా?"

"జారింది. స్ప్రింగు కాదు, వేలు."

ఆవిడ బల్ల మీదున్న ఒక కర్ర ముక్క తీసి ఆయన చేతిలో పెట్టి, కుర్చీ చూపించింది. "ఇది తుపాకీ అనుకో. ఇది మీ గది అనుకో. రోజూ చేసేది చేసి చూపించు. ఆ రోజుది కాదు, రోజూ చేసేది."

పెదనాన్న కూర్చున్నాడు. కర్రని కుడివైపు తిప్పాడు. నోటితోనే టిక్ టిక్ అన్నాడు.

"అటేముంది?"

"తెర."

"తెర వెనక?"

"కప్పులు కడిగే తొట్టి."

"ఆ కప్పులు వాటంతటవే కడుక్కుంటాయా?"

కర్ర పెదనాన్న చేతిలోనే ఉంది. పదకొండేళ్లు, రోజూ అదే వేళకి, ఆ తెర వెనక ఆయమ్మ నిలబడి ఉండేది. మెడ పట్టకపోతే ఆ రోజు కూడా... ఆయన లెక్క అక్కడితో ఆగిపోయింది. పెద్దమ్మ చెప్పేది, అంత మీసం పెట్టుకుని మనిషి చంటిపిల్లాడిలా పెదవులు వణికించాడని. ఆమె కొంగుతో ఆయన నుదురు తుడిచింది.

మేస్త్రమ్మ మంచినీళ్లు ఇచ్చింది. "మా నాన్న అనేవాడు, తుపాకీ ఎవర్నీ మోసం చెయ్యదు, మనమే దాని తరఫున మాటిస్తాం ఖాళీ అని. ట్రిగ్గర్ నొక్కి వదులు చెయ్యాలని ఉంటే ఇలాంటి ఉత్త తూటాలు వేసి, ఇసక వైపు పెట్టి చెయ్యి. కాల్చాలనుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి రానేకూడదు. మధ్యలో ఎవరైనా పిలిస్తే, వెళ్లొచ్చాక మొదటినుంచీ మొదలుపెట్టు. సగంలోంచి కాదు." ఆపైన, "కాగితం కావాలన్నావుగా, ఏం రాయమంటావ్?" అంది.

"ఉన్నదే రాయండమ్మా" అన్నాడు పెదనాన్న.

విచారణ రోజున మేనేజరు బల్లకవతల కూర్చుని కనుబొమలతో సైగలు చేస్తూనే ఉన్నాడు. అధికారి అడిగాడు, పెదనాన్న చెప్పాడు. "తుపాకీ మంచిదే సార్. ఒక తూటా తీశాను, రెండోది మరిచాను. నొక్కింది నేనే." మేనేజరు కనుబొమలు ఆగిపోయాయి.

"మరి తాళాలు నీ చేతికెలా వచ్చాయి?"

"చెవులు గింగురుమంటున్నాయి సార్, ఎవరేమన్నారో వినపడలేదు."

"చెవులు సరే. కళ్లు కూడా పనిచెయ్యలేదా?"

"పావురం అడ్డొచ్చింది సార్."

అధికారి కాగితం మీదకి వంగి చాలాసేపు దగ్గాడట. శిక్ష పడింది. నాలుగు నెలలు తుపాకీ లేదు, తలుపు దగ్గర మెడలో ఈల వేసుకుని నిలబడాలి. ఊడిన సీలింగు మళ్లీ వేసినప్పుడు పావురాల కోసం ఎవరూ గూడు వదల్లేదు గానీ, అవి వారం తిరక్కుండానే ఎలాగో చేరాయి.

పెదనాన్న ఆయమ్మ దగ్గరికెళ్లి, తెర సంగతి మొత్తం చెప్పి, చేతులు జోడించాడు. ఆమె కాసేపు ఆయన్ని, తెరని మార్చి మార్చి చూసింది.

"ఆ టిక్ టిక్ మీదేనా అన్నయ్యా? పదకొండేళ్లుగా గడియారం అనుకుంటున్నాను. అది వినపడగానే ఇంటికి టైమైందని కొళాయి కట్టేసేదాన్ని."

"క్షమించమ్మా."

"క్షమించకేం చేస్తాను, బతికే ఉన్నాగా. అయితే ఈ నాలుగు నెలలూ మీ చేతులు ఖాళీయేగా, కప్పులు మీరు కడగండి."

ఆయన కడిగాడు. మొదటి నెలలో ఆరు పగిలాయి. ఆ తర్వాత చెయ్యి కుదిరింది.

ఆదివారాలు మేస్త్రమ్మ కొట్టుకి వెళ్లి కూర్చునేవాడు. నేర్చుకున్నదంతా ఇంట్లో మామీద రుద్దేవాడు. చీపురు ఎవరి వైపూ తిప్పకూడదు. గొడుగు మొన కిందికే ఉండాలి. పెద్దమ్మ గ్యాసు బండ అయిపోయిందంటే, "నువ్వు చూశావా, అనుకున్నావా?" అనేవాడు. ఒకరోజు అమ్మ ఆయనకి టీ పోయబోతూ "టీగిన్నె ఖాళీ బావగారూ" అంది. పెదనాన్న మూత తీసి, లోపలికి చూసి, వేలు పెట్టి, చురుక్కుమని ఎగిరి, "చూశావా, ఖాళీ కాదు!" అన్నాడు. వేలు బొబ్బెక్కినా మొహంలో ఆనందం అంతా ఇంతా కాదు.

తుపాకీ తిరిగి చేతికొచ్చాక ఆయన పద్ధతే మారిపోయింది. వెనక గదిలో ఇసక బకెట్టు పెట్టించాడు. సాయంత్రం ఆయమ్మ వచ్చి ఆయన వెనక నిలబడేది. ఆయన తూటాలు తీసి ఆమె అరచేతిలో పెట్టేవాడు. ఆమె "ఒకటి, రెండు" అని పైకి చెబితేనే ఆయన బీరువా తెరిచేవాడు. ఆమె రాని రోజు మేనేజరునే పిలిచి నిలబెట్టేవాడు. మేనేజరూ కిమ్మనకుండా వచ్చి లెక్కపెట్టేవాడు. ఇది చూసి మిగతా బ్రాంచీల కాపలావాళ్లని కూడా ఆయన దగ్గరికి పంపడం మొదలైంది. వీధిలో ఢాం గారు అనే పేరు పోలేదు గానీ, అనే తీరు మారింది.

కొన్నేళ్లకి ఆ మేనేజరు రిటైరయ్యాడు. మధ్యాహ్నం హాల్లోనే చిన్న సభ. పిలిచినవాళ్లలో ఒక పెద్ద ఖాతాదారు ఉన్నాడు, సైన్యంలో పెద్ద ఉద్యోగం చేసి దిగినాయన. మాటల్లో మాట వచ్చి, ఆయన నడుము దగ్గర్నుంచి పిస్తోలు తీశాడు. కింది నుంచి తూటాల పెట్టె లాగి బల్లమీద పెట్టి, "భయపడకండి, ఖాళీ" అంటూ దాన్ని అందరికీ చూపించడం మొదలుపెట్టాడు. పిస్తోలుతో పాటు గొట్టం కూడా అందరి మొహాలూ చుట్టి వస్తోంది.

"సార్, గొట్టం కిందికి దించండి" అన్నాడు పెదనాన్న.

ఆ పెద్దాయన మొహం ఎర్రబడింది. "నాకు చెబుతున్నావా? నీకెన్నేళ్లో, నా సర్వీసు అన్నేళ్లు!"

"సర్వీసు మీదే సార్. గది నాది."

అంత మెల్లగా అన్నాడట, ఆ పెద్దాయన పిస్తోలు ఇచ్చేశాడు. పెదనాన్న వెనక గదిలోంచి ఇసక బకెట్టు తెప్పించి, పిస్తోలు గొట్టం అటు పెట్టి, పైభాగం వెనక్కి లాగాడు. లోపలినుంచి తూటా ఒకటి ఎగిరి, అప్పుడే టీ తెస్తున్న ఆయమ్మ పళ్లెంలో, ఒక కప్పులో టింగుమని పడింది.

తూటాల పెట్టె తీసినా, గొట్టంలోకి ముందే ఎక్కిన తూటా అక్కడే ఉండిపోతుందని ఆ హాల్లో అందరికీ ఒక్కసారే అర్థమైంది. ఆ పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. మనవరాలికి కూడా పొద్దున ఇలాగే చూపించానన్నాడు, ఎవరితోనో కాదు, తనతో తను.

పెదనాన్న ఆయన పక్కన కూర్చుని భుజం తట్టాడు.

"నాకూ అయింది సార్. మీది కప్పులో పడింది, నాది కప్పుకి తగిలింది. అంతే తేడా."

ముందు నవ్వింది ఆయమ్మ. ఆ తర్వాత పెద్దాయనా నవ్వాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే. మరుసటి ఆదివారం నుంచి ఆయనా మేస్త్రమ్మ కొట్టులో ముక్కాలిపీట మీద కూర్చునేవాడు.

పెదనాన్న కూడా రిటైరయ్యాక, కాపలావాళ్లకి పని నేర్పే ఒక సంస్థ ఆయన్ని పిలిచింది. చేరినవాళ్లు మొదట్లో విసుక్కునేవాళ్లు. మూడు రోజులదాకా తుపాకీ ముట్టనిచ్చేవాడు కాదు, కర్రముక్కతోనే అన్నీ చేయించేవాడు. మొదటి పాఠంగా మాత్రం తన కథే చెప్పేవాడు, గాజులూ పావురాలతో సహా. నవ్వి నవ్వి వాళ్లు అలిసిపోయాక తెర సంగతి చెప్పేవాడు. అది విన్నాక కర్రముక్కని కూడా జాగ్రత్తగా పట్టుకునేవాళ్లట.

పోయినేడు ఆయన దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయికి ఓ బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. "మాస్టారూ, మొదటి రోజు మీరు రావాలి" అని బతిమాలింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఒక చెవి సరిగా వినపడదు, ఇస్త్రీ చొక్కా వేసుకుని రెండు బస్సులు మారి వెళ్లాడు. మూసేవేళదాకా అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. ఆ అమ్మాయి తుపాకీ విరిచి, రెండు తూటాలూ తీసి, కళ్లతో చూసి, వేలితో తడిమి, పక్కన నిలబడ్డ క్యాషియరు చేత పైకి లెక్క చెప్పించి, అప్పుడు బీరువా మూసింది. మధ్యలో ఎవరో పిలిస్తే "ఆగండి, పనిలో ఉన్నాను" అందట.

ఇంటికొచ్చాక పెద్దమ్మ "ఎలా చేసిందండీ?" అని అడిగింది.

"నాకన్నా బాగా చేసింది" అని, బూట్లు విప్పి, చాలాసేపు మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.